చీపురుకు చిక్కని ధూళి

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్‌లో గాలి కాలుష్యం మాట వచ్చినప్పుడల్లా అధికారులు చూపించేవి రోడ్లు ఊడ్చే యంత్రాలు, నీళ్లు చల్లే ట్యాంకర్లు. అవి అక్కర్లేదని నేను అనను. ఫ్లైఓవర్ల అంచున పేరుకున్న మట్టిని ఎత్తాల్సిందే. కానీ మన ప్రాణాల మీదికి ఎక్కువగా తెస్తున్నది ఆ మట్టి కాదు. పీఎం 2.5 అనే సూక్ష్మకణాలు తల వెంట్రుక మందంలో సుమారు ముప్ఫయ్యో వంతు ఉంటాయి. ముక్కు, గొంతు వాటిని ఆపలేవు. అవి ఊపిరితిత్తుల లోపలిదాకా వెళతాయి, మరీ చిన్నవి రక్తంలోనూ కలుస్తాయి. ఉబ్బసాన్నే కాదు, గుండెపోటు, పక్షవాతం ముప్పునూ పెంచుతాయి. నగరాల్లో ఇవి ఎక్కువగా పుట్టేది మంటల నుంచి, పొగ నుంచి.

మా వీధిలో జరిగేది చెబుతాను. తెల్లవారగానే ఊడ్చిన ఆకులను పాల కవర్లు, టీ కప్పులు, కొరియర్ సంచులతో సహా కానుగ చెట్టు కింద కుప్పపోసి నిప్పు పెడతారు. పచ్చి ఆకు భగ్గున మండదు, చాలాసేపు పొగ కక్కుతూనే ఉంటుంది. మధ్యలో ప్లాస్టిక్ అంటుకుంటే ఆ ఘాటుకు కళ్లు మండిపోతాయి. చలికాలపు ఉదయాల్లో నేలను ఆనుకున్న చల్లగాలి మీద వెచ్చని గాలి మూతపెట్టినట్టు పరుచుకుంటుంది కాబట్టి ఆ పొగ పైకి పోదు. సరిగ్గా అదే వేళకు పిల్లలు అక్కడ స్కూలు బస్సు కోసం నిలబడి ఉంటారు.

నిప్పు పెట్టే పారిశుద్ధ్య కార్మికురాలిని తిట్టి లాభం లేదు. ఆకులు తీసుకెళ్లే బండి రాదు. కుప్ప అలాగే ఉంటే పైవాళ్లు ఊరుకోరు. పైగా ఆ పొగను అందరికంటే ముందు పీల్చేది ఆమే. ఆరుబయట చెత్త కాల్చితే 5 వేల రూపాయలు, పెద్ద ఎత్తున కాల్చితే 25 వేల రూపాయలు వసూలు చేయాలని పర్యావరణ కేసులు విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులోనే ఆదేశించింది. ఆ జరిమానా కట్టిన మనిషి మా వైపు నాకు ఇంతవరకూ కనబడలేదు.

ఇక పాత డీజిల్ లారీలు, నీటి ట్యాంకర్లు, ఫంక్షన్ హాళ్ల జనరేటర్లు, హోటళ్ల బొగ్గు పొయ్యిలు, రాగి కోసం వైర్లు కాల్చే చోట్లు అందరికీ తెలిసినవే. కంటికి కనిపించకుండా జరిగేది మరొకటి ఉంది. బొగ్గు విద్యుత్ కేంద్రాల నుంచి వెలువడే సల్ఫర్ డయాక్సైడ్ గాలిలోనే మార్పు చెంది సూక్ష్మకణాలుగా తయారవుతుంది. ఆ వాయువుకు 2015లో పరిమితులు పెట్టిన కేంద్ర ప్రభుత్వం గడువులు పొడిగించుకుంటూ పోయి, 2025 జులైలో చాలా విద్యుత్ కేంద్రాలకు మినహాయింపే ఇచ్చేసింది. ఇది నాకు ఎంతమాత్రం మింగుడుపడని నిర్ణయం.

అసలు లోపం కొలతలో ఉంది. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో హైదరాబాద్ కూడా ఉంది. కానీ నగరాల పనితీరును లెక్కగట్టేది పీఎం 10తో, అంటే ముతక ధూళి కూడా కలిసే కొలతతో. అందుకే డబ్బంతా రోడ్ల మీదికే పోతోంది. ఈ కార్యక్రమం కింద ఖర్చయిన నిధుల్లో 64 శాతం రోడ్డు ధూళికే వెచ్చించారని, పరిశ్రమల కాలుష్య నియంత్రణకు ఒక్క శాతం కూడా దక్కలేదని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ అనే పరిశోధన సంస్థ 2024లో బయటపెట్టింది. పీఎం 2.5కు మన దేశం పెట్టుకున్న వార్షిక పరిమితి ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించినది 5. ఆ 40కి లోపల ఉన్నామని చెప్పుకున్నా అది ఊరట కాదు.

నగరపాలక సంస్థను, కాలుష్య నియంత్రణ మండలిని నేను కోరేది ఇది. ఊడ్చే యంత్రాలకు పెట్టే ఖర్చులో కొంత తీసి, ఆకులు రాలే కాలంలో ప్రతి వార్డుకూ రోజూ ఒక బండి పంపండి. ఆ ఆకులను పార్కుల్లోనే ఎరువుగా మార్చండి. చెత్త కాల్చినందుకు ఏ వార్డులో ఎంత జరిమానా వసూలైందో నెలనెలా ప్రకటించండి. పీఎం 2.5 ఎంత తగ్గిందన్నదే నగరం పనితీరుకు కొలత కావాలని కేంద్రాన్ని గట్టిగా అడగండి. వచ్చే చలికాలానికి ముందే ఆ బండ్లు మా వీధుల్లోకి రావాలి.

— ఒక పాఠకురాలు, హైదరాబాద్