పిస్టల్ స్కోప్ లోపం, వారంటీ నిరాకరణపై ఫిర్యాదు

విశాఖపట్నం

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: 2x20 (రెండు రెట్లు పెద్దగా చూపే, 20 మిల్లీమీటర్ల ముందు అద్దం ఉన్న) పిస్టల్ స్కోప్ పాడవడం, వారంటీ ఇవ్వనందుకు డబ్బు వాపసు కోరడం

అయ్యా,

జనవరిలో మీ కంపెనీ పిస్టల్ స్కోప్‌ను, దాన్ని పిస్టల్‌కు బిగించే మౌంట్ రింగులతో కలిపి ₹11,400 పెట్టి కొన్నాను. నాలుగు వందల షాట్లు కూడా కొట్టకముందే అది లోపల పాడైంది. మీకు పంపిస్తే, మౌంట్ సరిగ్గా బిగించలేదు కాబట్టి వారంటీ వర్తించదంటూ రెండు లైన్ల మెయిల్ పెట్టి, స్కోప్‌ను అలాగే తిప్పి పంపారు. ఆ మాట నేను ఒప్పుకోను.

నాకు 63 ఏళ్లు. పోర్టు వర్క్‌షాపులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాను. ఆ తర్వాత స్ప్రింగ్ ఎయిర్ పిస్టల్ (స్ప్రింగు పిస్టన్‌ను నెట్టి, ఆ గాలి ఒత్తిడితో పెల్లెట్ అనే చిన్న గుండును కొట్టేది) కొనుక్కుని ప్రాక్టీసు మొదలుపెట్టాను. ఈ వయసులో గురి చూసే వెనక సైటు, ముందు సైటు, టార్గెట్ మూడూ ఒకేసారి స్పష్టంగా కనిపించవు. ఒకదాని మీద చూపు నిలిపితే మిగతా రెండూ మసకబారిపోతాయి. స్కోప్‌లో ఆ బాధ లేదు, క్రాస్‌హెయిర్ (గురి చూసే అడ్డం నిలువు గీతలు), టార్గెట్ ఒకే చోట కనిపిస్తాయి. పోటీల్లో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌కు స్కోప్ పెట్టనివ్వరని నాకు తెలుసు. నేను పోటీలకు వెళ్లేవాణ్ణి కాదు. ఉదయం ఓ గంట మనసుపెట్టి కొట్టుకోవడం నాకు ఇష్టం, అందుకే పెన్షన్ డబ్బుతో కొన్నాను.

ఇక బిగించడం గురించి. పిస్టల్ మీద మౌంట్ కూర్చునే 11 మిల్లీమీటర్ల డొవ్‌టెయిల్ గాడిని, రింగుల లోపలి భాగాన్ని స్పిరిట్‌తో తుడిచి, నూనె జిడ్డు లేకుండా చేశాను. స్క్రూలను ఒకటే పూర్తిగా బిగించేయకుండా, ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా, స్కోప్ ట్యూబు నొక్కుకుపోకుండా బిగించాను. మౌంట్ వెనక అంచు దగ్గర గాడి మీద పెన్సిల్‌తో సన్నటి గీత గీశాను, ట్యూబు మీద రింగు పక్కన ఇంకొకటి. మౌంట్ జారినా, రింగుల్లో స్కోప్ జారినా ఆ గీతలే చెబుతాయి. ఈరోజుకీ మౌంటూ, స్కోపూ ఆ గీతల దగ్గరి నుంచి జరగలేదు. ఫోటోలు జతచేశాను.

మొదటి రెండు వారాలు 10 మీటర్ల దగ్గర ఐదు పెల్లెట్లు రెండు సెంటీమీటర్లలో పడేవి. తర్వాత ఎనిమిది, తొమ్మిది సెంటీమీటర్లకు చెదిరిపోయాయి. పిస్టల్‌దే తప్పేమోనని స్కోప్ తీసేసి, పిస్టల్‌ను ఇసుక సంచి మీద ఆనించి మామూలు సైట్లతో కొట్టాను. మళ్లీ దగ్గర దగ్గరగానే పడ్డాయి. స్కోప్ పెట్టి, గురిని పైకీ కిందికీ సరిచేసే పై నాబ్ తిప్పితే మూడు క్లిక్కుల దాకా గురిలో కదలిక లేదు, నాలుగో క్లిక్కుకు ఒక్కసారిగా ఎగిరింది. చేత్తో ఊపితే లోపల ఏదో గలగలమంటోంది. క్రాస్‌హెయిర్ కూడా పక్కకు ఒరిగింది. పైగా లోపలి అద్దానికి ఆవిరి పట్టింది. ఏసీ గదిలోంచి బయటికి తెస్తే మన విశాఖ తేమకు పైఅద్దం మసకబారడం మామూలే, తుడిస్తే పోతుంది. ఇది తుడిచినా పోవడం లేదు. నైట్రోజన్ నింపి సీల్ చేశామని మీ పెట్టె మీదే ఉంది.

ఫోన్ చేస్తే మీ ప్రతినిధి ఒక మాట అన్నారు: "సార్, ఇది .44 మాగ్నమ్ రివాల్వర్ దెబ్బకే తట్టుకుంటుంది, ఎయిర్ పిస్టల్ ఒక లెక్కా?" మీరు పట్టించుకోని విషయం అక్కడే ఉంది. .44 మాగ్నమ్ తూటాకు శక్తి వెయ్యి జౌళ్లకు పైనే ఉంటుంది, నా పిస్టల్‌కు పట్టుమని పది జౌళ్లు లేవు, నిజమే. కానీ ఆ రివాల్వర్ వెనక్కి మాత్రమే తంతుంది. స్ప్రింగ్ గన్‌లో పిస్టన్ ముందుకు దూకగానే గన్ వెనక్కి జరుగుతుంది, మరుక్షణం పిస్టన్ సిలిండర్ చివరకు చేరి ఆగగానే ముందుకు గుంజుతుంది. వెనక్కి తన్నే దెబ్బకే తయారుచేసిన స్కోప్‌లో కటకాలు, లోపలి స్ప్రింగు ఆ ముందు గుంజుడుకు వదులైపోతాయి. ఎయిర్ గన్‌కు పనికొచ్చే స్కోప్‌ను అందుకే వేరుగా, రెండువైపులా బలంగా తయారుచేస్తారు. ఈ సంగతి స్కోపులు అమ్మే మీకు తెలియదంటే నమ్మలేను.

మన దేశంలో మామూలు మనిషికి లైసెన్సు మీద ఎక్కువగా దొరికేది .32 రివాల్వరే. దానికి ఎవరూ స్కోప్ పెట్టరు. మీ స్కోప్ కొనేది నాలాంటి ఎయిర్ గన్ వాళ్లే. మీ పెట్టె మీద "ఎయిర్ పిస్టల్‌కు కూడా" అని రాసే ఉంది, స్ప్రింగ్ గన్‌కు వద్దని ఎక్కడా లేదు.

కాబట్టి ₹11,400 నాకు వాపసు ఇవ్వండి. స్ప్రింగ్ గన్ దెబ్బకు నిలుస్తుందో లేదో పెట్టె మీద స్పష్టంగా రాయండి. 15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేస్తాను. అవసరమైతే వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద విశాఖపట్నం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. స్కోప్ నా దగ్గరే ఉంది, మీ టెక్నీషియన్ ఎప్పుడొచ్చినా ఆ పెన్సిల్ గీతలతో సహా చూపిస్తాను.

ఇట్లు,
మీ కొనుగోలుదారుడు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జతచేసినవి: బిల్లు కాపీ, మీ మెయిల్ కాపీ, మౌంట్, టార్గెట్ ఫోటోలు