అచ్చుతప్పులు పట్టే పిల్లల గురించి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈ మధ్య మన బడిలో ఆరు, ఏడు తరగతుల పిల్లలు కొందరు అచ్చు కాగితం ఏది కనబడినా ఆగి చదువుతున్నారు. కరపత్రం, ఆహ్వాన పత్రిక, మందు పెట్టె మీది సూచనలు, గోడ మీది నోటీసు, ఏదైనా సరే. “మేడమ్, ఇక్కడ థ వత్తు ఇవ్వాల్సింది, ధ వత్తు ఇచ్చారు” అని తెచ్చి చూపిస్తున్నారు. ఇంట్లోనూ ఇదే వరస అని, దారిలో ప్రతి బోర్డు దగ్గరా నిలబడిపోతున్నారని మీలో కొందరు చెప్పారు. “వాళ్ల తప్పులు మనకెందుకు, పద” అంటూ చెయ్యి పట్టుకుని లాక్కెళ్లకండి. వాళ్లను అక్కడ ఒక్క నిమిషం నిలబడనివ్వండి.

చదివేటప్పుడు మన కళ్లు అక్షరం తర్వాత అక్షరం చూసుకుంటూ సాఫీగా సాగవు. గెంతుతాయి, సుమారు పావు సెకను ఆగుతాయి, మళ్లీ గెంతుతాయి. మధ్యలో సరిగా చూడనిదాన్ని మెదడు తనకు ముందే తెలిసిన మాటతో పూరించుకుంటుంది. వేగంగా చదవగలుగుతున్నామంటే ఈ ఏర్పాటు వల్లే. అచ్చుతప్పు మన కళ్ల ముందే తప్పించుకుపోవడం కూడా దీనివల్లే. రాసినవాళ్లకు తమ తప్పు అసలే కనబడదు, ఎందుకంటే అక్కడ ఏముండాలో వాళ్లకు ముందే తెలుసు. కాబట్టి ఒక పిల్లవాడు తప్పు పట్టుకున్నాడంటే, ఆ మాటను ఊహించుకోకుండా నిజంగా చూశాడన్నమాట. టీచర్లుగా మేము ఎంతో కష్టపడి నేర్పాలనుకునేది ఇదే.

పెద్ద పెద్ద సంస్థలకే ఇది కష్టం. ఆస్ట్రేలియాలో 2018 అక్టోబరులో కొత్త 50 డాలర్ల నోటు వచ్చింది. ఆ దేశంలో చట్టసభకు ఎన్నికైన మొదటి మహిళ ఈడిత్ కోవన్ ప్రసంగంలోని వాక్యాలను దాని మీద కంటికి ఆనని చిన్న అక్షరాల్లో అచ్చువేశారు. అందులో ‘రెస్పాన్సిబిలిటీ’ అనే ఇంగ్లీషు మాటలో చివరి ‘ఐ’ అక్షరం ఎగిరిపోయింది. 2019 మేలో ఆ సంగతి బయటపడేసరికి దాదాపు 4 కోట్ల 60 లక్షల నోట్లు జనం చేతుల్లో తిరుగుతున్నాయి. చిలీ దేశంలో 2008 నాటి 50 పెసోల నాణేల మీదైతే దేశం పేరే తప్పుగా పడింది, ‘ఎల్’ ఉండాల్సిన చోట ఇంకో ‘ఐ’ వచ్చింది. అంత పెద్ద అక్షరాల్లో, అంత తెలిసిన పేరులో! పెద్ద అక్షరాల్లోని తప్పులు కూడా ఇలా తప్పించుకుంటాయి. శీర్షికలో తప్పు ఉండదులే అని అందరూ కింది వరసల్లోకి వెళ్లిపోతారు.

ఇక తెలుగు సంగతి. పిల్లలు తెచ్చే తప్పుల్లో ఎక్కువ భాగం థ, ధ దగ్గరే. రెండింటికీ కింద గీత ఉంటుంది, థ పొట్టలో మాత్రం చుక్క ఉంటుంది. జిరాక్సులో ఆ చుక్క చెరిగిపోతే రెండూ ఒకటే. దానికి తోడు మాట్లాడేటప్పుడు చాలామందిమి రెండింటినీ ఒకేలా పలుకుతాం. అందుకే కథ ‘కధ’ అవుతోంది, పథకం ‘పధకం’ అవుతోంది, ప్రథమ బహుమతి ‘ప్రధమ’ బహుమతి అవుతోంది. అర్థం అంటే భావం, అర్ధం అంటే సగం. ఈ రెండూ కలిసిపోతే మాత్రం వాక్యమే మారిపోతుంది. సంస్థ, వ్యవస్థ, స్థలం, స్థానం లాంటి మాటలకు పిల్లలకు ఒక సులువు చెప్పాం: థ, ధల్లో స కింద వచ్చేది ఎప్పుడూ థ వత్తే, ధ వత్తు రాదు. ఇది తెలిశాక వాళ్లను ఆపడం కష్టంగా ఉంది, ఆపాలని నాకూ లేదు.

ద్ద, ద్ధ విషయంలో ఇంకో సులువు ఉంది. పెద్ద, ముద్ద, వద్దు, దిద్దు లాంటి అచ్చ తెలుగు మాటల్లో ధ రాదు. శ్రద్ధ, బుద్ధి, సిద్ధం, అభివృద్ధి, పద్ధతి సంస్కృతం నుంచి వచ్చినవి, వాటిలో ధ వత్తు ఉండాలి. అలాగని సంస్కృత మాటలన్నిటికీ ధ తగిలిస్తే ‘ఉద్ధేశం’ లాంటివి పుడతాయి. అది ఉద్దేశమే. ‘బాధ’లో గీత మొదటి అక్షరానికి తగులుకుని ‘భాద’ అవడం కూడా రోజూ చూస్తున్నాం. మధ్యాహ్నం, ఆహ్వానం, చిహ్నం లాంటి మాటల్లో ముందు హ, దాని కింద తర్వాతి హల్లు. నోటితో అలా పలకడం కష్టం కాబట్టి రాతలో తారుమారవుతాయి.

ఇప్పుడు వీటికి ఫోన్ కూడా తోడైంది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు టైపు చేసేటప్పుడు మనం ‘టీ’, ‘హెచ్’ కలిపి త కోసమూ వాడతాం, థ కోసమూ వాడతాం. ‘డీ’, ‘హెచ్’ కలిపి ద కోసమూ, ధ కోసమూ. ఫోన్ నాలుగు మాటలు చూపిస్తే మొదటిదాని మీద వేలు పడుతుంది. ఆ మెసేజే అచ్చుకు అక్షరాలు కూర్చే డీటీపీ సెంటర్‌కు వెళ్లి, అక్కడి నుంచి ఫ్లెక్సీ మీదికి ఎక్కుతుంది.

అయితే పిల్లలు తప్పని చూపించే ప్రతిదీ తప్పు కాదు. పెళ్లి, పెళ్ళి రెండూ అచ్చులో ఉన్నవే. చేశాను, చేసాను అని కూడా రాస్తున్నారు. ఒక ప్రాంతపు మాట ఇంకో ప్రాంతం పిల్లలకు తప్పుగా కనిపించవచ్చు, అదీ తప్పు కాదు. కాబట్టి తప్పు అనే ముందు నిఘంటువు చూడమంటున్నాం. లైబ్రరీలో నిఘంటువులు ఉన్నాయి. ఇంట్లో అయితే ఆంధ్రభారతి వెబ్‌సైటులో బ్రౌన్ నిఘంటువుతో సహా చాలా నిఘంటువుల్లో ఒకేసారి వెతకవచ్చు. పిల్లలు అడిగితే పక్కన కూర్చుని వెతికిపెట్టండి. వాళ్లు అనుమానపడిన మాట సరైనదేనని తేలితే, తప్పు దొరికినప్పటికంటే ఎక్కువ నేర్చుకుంటారు.

ఒక జాగ్రత్త ఉంది. ల్యారీ జాకోబీ, ఆన్ హాలింగ్స్‌హెడ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1990లో ఒక పరిశోధన ప్రచురించారు. తప్పు స్పెల్లింగ్‌తో ఉన్న మాటల్ని చదివినవాళ్లు, తర్వాత అవే మాటల్ని రాయమంటే తడబడ్డారు. చదువుకున్న పెద్దవాళ్ల పరిస్థితే అది. ఇప్పుడిప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటున్న పిల్లలకు అచ్చులో ఉన్నదల్లా సరైనదే. అందుకే రెండో తరగతి దాకా ఈ తప్పులు వెతికే ఆట వద్దని టీచర్లకు చెప్పాను. పై తరగతుల్లో కూడా తప్పు రూపాన్ని నల్లబల్ల మీద రాయం, సరైన రూపం ఒక్కటే రాస్తాం. పిల్లల నోటుబుక్కుల్లోనూ అంతే: ఎక్కడ చూశారు, సరైన మాట ఏది, ఏ నిఘంటువులో చూసి నిర్ధారించుకున్నారు. “కింది వాటిలో ఏది సరైనది?” అని మూడు తప్పులు, ఒక ఒప్పు ఇచ్చే వర్క్‌షీట్లు నాకు నచ్చవు. మీరు బయట కొనే పుస్తకాల్లో అవి ఉంటే, చిన్నపిల్లలతో చేయించకండి.

ఇంకొకటి, ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టి నవ్వుకోవడం. దయచేసి పిల్లలకు ఇది అలవాటు చేయకండి. ఆ కాగితం వెనక ఒక డీటీపీ ఆపరేటర్ ఉంటారు. చేతిరాత అర్థం కాకపోయినా, టైమ్ లేకపోయినా పని పూర్తిచేసి, సరిచూసుకోమని ప్రూఫ్ (అచ్చుకు ముందు తీసే నమూనా కాగితం) చేతికిస్తారు. దాన్ని సరిగా చదవకుండానే ఓకే చెప్పేది చాలాసార్లు మనమే. తప్పు చెప్పదలుచుకుంటే ఆ మనిషికే, పక్కకు పిలిచి, ‘అండీ’ అంటూ చెప్పమని పిల్లలకు నేర్పుతున్నాం. చాలామంది సంతోషంగానే దిద్దుకుంటారు. ఎవరైనా విసుక్కుంటే ఊరుకుని వచ్చేయమన్నాం.

ఇప్పుడు మీతో పని. వచ్చే వారం ప్రతి విద్యార్థి చేతా ఒక ప్రూఫ్ స్లిప్ పంపిస్తున్నాం. అందులో పిల్లల పేరు, ఇంటిపేరు, మీ పేర్లు, పుట్టిన తేదీ తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉంటాయి. ఈ స్లిప్‌లో ఉన్నట్టే రిజిస్టర్‌లోకి ఎక్కుతాయి, రేపు సర్టిఫికెట్లలోకీ అవే వెళ్తాయి. ఒక అక్షరం తేడా ఉన్నా తర్వాత మార్పించడం ఎంత తిరుగుడో, ఆ పని పడినవాళ్లకు తెలుసు.

పేర్లు మనకు బాగా తెలిసినవి కాబట్టి వాటిలోనే తప్పు కనబడదు. అందుకని ఇలా చూడండి. స్కేలు అడ్డం పెట్టి ఒక్కో వరసే చదవండి. ఇంగ్లీషు పేరును చివరి అక్షరం నుంచి వెనక్కి చదవండి. ఒకరు పుట్టిన సర్టిఫికెట్ పట్టుకుని అక్షరం అక్షరం పైకి చెబుతుంటే, ఇంకొకరు స్లిప్‌లో సరిచూడండి. ప్రెస్సుల్లో ప్రూఫులు దిద్దేవాళ్లు వాడే పద్ధతి ఇది. తేదీలో నెల, రోజు తారుమారయ్యాయేమో ప్రత్యేకంగా చూడండి. స్లిప్‌లో సరిచూసే ఆ రెండో మనిషి మీ అమ్మాయో అబ్బాయో అయితే మరీ మంచిది.

దిద్దాల్సింది ఉంటే ఎర్ర సిరాతో కొట్టేసి, పక్క మార్జిన్‌లో సరైన రూపం విడివిడి అక్షరాలతో రాయండి. ఏ తప్పూ లేకపోయినా సంతకం పెట్టి మూడు రోజుల్లో క్లాస్ టీచర్‌కు తిరిగి పంపండి. చదవడం ఇబ్బందిగా ఉన్నవాళ్లు ఏ సాయంత్రమైనా ఆఫీసుకు రండి, పక్కన కూర్చుని చదివి వినిపిస్తాం.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు