కన్సల్టెంటును ఎలా ఎంచుకున్నారో చెప్పండి

సంపాదకునికి,

ప్రభుత్వ కొనుగోళ్లలో పారదర్శకత ఎంతుందో తేల్చడానికి ఆర్థిక శాఖ కన్సల్టెంటును పెట్టుకోవడం మంచి ఆలోచనే. కానీ ఆ నియామకం కూడా ప్రభుత్వ కొనుగోలే కదా! పని పరిధి, అర్హతలు, మార్కులు వేసిన తీరు, ఇచ్చే ఫీజు అన్నీ జనం ముందు పెట్టాలి. టెండర్లు వేసే కంపెనీలకు సలహాలిచ్చే సంస్థలను, నన్నడిగితే, పక్కన పెట్టడమే మేలు.

కొలమానాలను కొత్తగా కనిపెట్టక్కర్లేదు. ప్రభుత్వ కొనుగోళ్ల వ్యవస్థ ఎలా ఉందో అంచనా వేయడానికి వాడే, 2018లో సవరించిన ‘మ్యాప్స్’ అనే అంతర్జాతీయ పద్ధతిలో 14 సూచికలు, 210 ప్రమాణాలు ఉన్నాయి. చట్టంలో ఏం రాశారన్నదే కాక, ఆచరణలో ఏం జరుగుతోందో కూడా అది చూస్తుంది.

అసలు చూడాల్సింది అక్కడే. టెండరు ప్రకటన అందరికీ కనిపిస్తుంది. కాంట్రాక్టు కుదిరాక రేటు ఎందుకు పెరిగింది, గడువు ఎన్నిసార్లు పొడిగించారు, ఒకే బిడ్ వచ్చినా ఎందుకు ఖరారు చేశారు, ఓడిన బిడ్డరు ఇచ్చిన ఫిర్యాదు ఏమైంది? ఇవన్నీ చాలాసార్లు ఫైళ్లలోనే ఉండిపోతాయి. ఆ ఫైళ్లు చూసే హక్కును కన్సల్టెంటుకు ఒప్పందంలోనే రాసివ్వాలి. అధికారులు ఏరి చేతికిచ్చిన ఫైళ్లతో సరిపెట్టకుండా, ఏవి చూడాలో తనే ఎంచుకోవాలి. చిన్న సరఫరాదారులతో అధికారులు లేనప్పుడు మాట్లాడనివ్వాలి. పక్కన అధికారి కూర్చుంటే బిల్లు బాకీల సంగతి ఎవరు నోరు విప్పి చెబుతారు?

అవినీతి నిరోధంపై ఐక్యరాజ్యసమితి ఒప్పందంలోని 9వ అధికరణం కొనుగోళ్ల సమాచారాన్ని బహిరంగపరచాలని చెబుతోంది. కాబట్టి నివేదికను ముసాయిదాతో సహా ప్రచురించాలి. ఏ సిఫారసును ఒప్పుకున్నారో, దేన్ని ఎందుకు తోసిపుచ్చారో ఆర్థిక శాఖ గడువు పెట్టుకుని రాతపూర్వకంగా చెప్పాలని కోరుతున్నాను.

- ఒక పాఠకురాలు