గ్రీన్ కార్డుదారుల భార్యల గురించి కూడా రాయండి

సంపాదకులు గారికి నమస్కారం.

అమెరికా ఉద్యోగ వీసా హెచ్-1బి రూలు ఏ చిన్నది మారినా మీ పత్రికలో మొదటి పేజీలో వస్తుంది. రావాల్సిందే, మన పిల్లలు అంతమంది అక్కడున్నారు. కానీ గ్రీన్ కార్డు ఉన్నవాళ్లను పెళ్లి చేసుకుని నాలాంటి వాళ్లం వీసా కోసం నిలబడ్డ క్యూ గురించి ఒక్క కథనం కూడా నా కంటపడలేదు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా పెళ్లి 2023 ఫిబ్రవరిలో అయింది. మావారు డాలస్‌లో ఉంటారు. ఉద్యోగం మీద గ్రీన్ కార్డు కోసం దాదాపు పదేళ్లు ఎదురుచూస్తే 2022లో వచ్చింది. కొవిడ్ రోజుల్లో కాన్సులేట్లు మూతపడి కుటుంబ కోటాలో మిగిలిపోయిన వీసాలను తర్వాతి ఏడు ఉద్యోగ కోటాకు కలిపారు. ఆ ఊపులో మనవాళ్లు చాలామందికి కార్డులు వచ్చాయి, అందులో ఆయనొకరు. కార్డు చేతికొచ్చాక పెళ్లి చేసుకుంటే వచ్చే అమ్మాయికి ఇబ్బంది ఉండదని అప్పటిదాకా సంబంధాలు చూడనివ్వలేదట. సంబంధం తెచ్చిన పెద్దాయన మా నాన్నతో అన్న మాట కూడా అదే: "గ్రీన్ కార్డండీ, ఇంక మీకు ఏ టెన్షనూ లేదు."

జరిగింది దీనికి పూర్తిగా తలకిందులు. కార్డు రాకముందే పెళ్లయి ఉంటే ఆయన ఫైలు మీదే నాకూ కార్డు వచ్చేది. ఆయన హెచ్-1బి మీదే ఉండి ఉంటే వాళ్ల భార్యలకిచ్చే హెచ్-4 వీసా స్టాంపింగ్ చేయించుకుని కొద్ది నెలల్లో విమానం ఎక్కేదాన్ని. కార్డు వచ్చాక పెళ్లి జరిగింది కాబట్టి ఎఫ్2ఏ అనే కేటగిరీలో పడ్డాను. కొన్నేళ్లు పని చేసి తిరిగి పోవాల్సినవాళ్లు భార్యను తీసుకెళ్లొచ్చు, చదువుకోవడానికి వెళ్లిన కుర్రాడూ తీసుకెళ్లొచ్చు. శాశ్వతంగా ఉండొచ్చని కార్డు అందుకున్నవాడి భార్య మాత్రం కోటాలో వంతు వచ్చేదాకా ఆగాలి. అమెరికా పౌరుల భార్యలకు ఈ కోటా లేదు.

ఈ కేటగిరీకి ఏడాదికి ఇచ్చేది దాదాపు 88 వేల వీసాలు. ప్రపంచం మొత్తం మీద గ్రీన్ కార్డుదారుల భార్యలు, భర్తలు, 21 ఏళ్లలోపు పిల్లలు అందరూ వాటిలోనే సర్దుకోవాలి. 2019 జులై నుంచి ఇందులో ఆగాల్సిన పని లేకుండా "కరెంట్"గా ఉండేది. మా పెళ్లినాటికి కూడా కరెంటే. ఆయన తిరిగి వెళ్లగానే మార్చిలో పిటిషన్ వేశారు. ఎవరి వంతు ఎక్కడిదాకా వచ్చిందో అమెరికా ప్రభుత్వం నెలనెలా చెప్పే కాగితం వీసా బులెటిన్. 2023 ఏప్రిల్ బులెటిన్‌లో 2020 సెప్టెంబర్ 8 అని తేదీ పడింది. అంటే అంతకుముందు పిటిషన్ వేసినవాళ్లకే వీసా. నేను ఆ రాత్రి ఆ కాగితాన్ని ఫోన్‌లో పెద్దది చేసుకుని, తప్పు గడి చూస్తున్నానేమో అనుకుని మళ్లీ మళ్లీ చూశాను.

రెండేళ్లు దాటింది. మా సంసారం రోజుకు ఒక గంట. నాకు పొద్దున్న ఆరున్నర అయితే ఆయనకు ముందురోజు రాత్రి ఎనిమిది. ఫోన్‌ను పప్పు డబ్బాకు ఆనించి నేను క్యారేజీ సర్దుకుంటుంటాను, అక్కడ ఆయన వంట చేసుకుంటుంటారు. పోపు కాస్త మాడితే అక్కడి పొగ అలారం మా వంటింట్లో మోగుతుంది, ఆయన తువ్వాలు ఊపుతూ నిలబడతారు. నవంబరులో వాళ్ల గడియారం గంట వెనక్కి జరుగుతుంది. అప్పుడు నా ఆరున్నరకు ఆయన ఇంకా కారులో ఉంటారు, మాట సరిగా సాగదు. పెళ్లయ్యాక మేమిద్దరం ఒకే ఇంట్లో ఉన్నది మొత్తం 71 రోజులు.

మంగళగౌరి నోము మొదటి ఏడు పుట్టింట్లో నోచుకున్నాను. రెండో ఏడు అత్తారింట్లో పదిమందికి వాయనం ఇస్తే పదిమందీ "వీసా ఎప్పుడమ్మా?" అనే అడిగారు. ప్రేమతోనే అడుగుతారు. అయినా ఈ మధ్య పేరంటాలకు వెళ్లడం మానేశాను. ఎన్నారై పెళ్లిళ్ల మోసాల వార్తలు చదివి మావారినీ ఆ గాటనే కట్టేసేవాళ్లున్నారు. అది మా అమ్మను బాగా కుంగదీసింది. నేను పనిచేసే స్కూల్లో ఏటా జూన్‌లో "ఈ ఏడు ఉంటారా, వెళ్లిపోతారా?" అంటారు, క్లాస్ టీచర్‌గా వేయరు. నాకు ముప్పై ఒకటి నిండాయి. పిల్లల సంగతి ఆలోచించాలంటేనే భయమేస్తోంది.

టూరిస్టు వీసా మీద వెళ్లి కొన్నాళ్లు ఉండి రావచ్చు కదా అంటారు. ప్రయత్నించాను. అక్కడే ఉండిపోయే ఉద్దేశం లేదని మనమే చూపించుకోవాలి. భర్త వేసిన పిటిషనే దానికి అడ్డు. రెండు నిమిషాల్లో తిరస్కరణ కాగితం చేతిలో పెట్టారు. పోనీ ఆయనే ఇక్కడికొచ్చి ఉండాలంటే, అనుమతి లేకుండా ఏడాది దాటితే కార్డుకే ముప్పు, ఆరు నెలలు దాటినా పౌరసత్వానికి చిక్కు.

ఇది మార్చలేని విషయం కాదు. 2000 డిసెంబరులో ఇలాంటి భార్యాపిల్లల కోసమే అమెరికా "వి" వీసా అని ఒకటి తెచ్చింది. పిటిషన్ వేసి మూడేళ్లు దాటినవాళ్లు అక్కడికెళ్లి, కుటుంబంతో ఉంటూనే తమ వంతు కోసం ఆగొచ్చు. కాకపోతే 2000 డిసెంబర్ 21 లోపు వేసిన పిటిషన్లకే అది వర్తిస్తుంది. ఆ ఒక్క తేదీ మారిస్తే చాలామంది ఇళ్లు నిలబడతాయి. 2013 జూన్‌లో సెనేట్ 68-32 ఓట్లతో ఆమోదించిన ఇమిగ్రేషన్ బిల్లులో గ్రీన్ కార్డుదారుల భార్యాపిల్లలకు కోటా తీసేశారు. ప్రతినిధుల సభ దాన్ని చర్చకే తీసుకోలేదు.

తానా, ఆటా వంటి అమెరికాలోని తెలుగు సంఘాలు మహాసభలకు అక్కడి ప్రజాప్రతినిధులను పిలుస్తుంటాయి. హెచ్-1బితో పాటు ఆ "వి" వీసా తేదీ సంగతి కూడా వాళ్ల ముందు పెట్టమని ఆ సంఘాల పెద్దలను చేతులు జోడించి అడుగుతున్నాను. ప్రవాసాంధ్రుల కోసం ఉన్న ఏపీ ఎన్నార్టీ సొసైటీ వాళ్లు పెళ్లికి ముందే రెండు కుటుంబాలకూ అర్థమయ్యేలా ఈ తేడా తెలుగులో రాసి పెడితే బాగుంటుంది. కార్డు చివరి దశలో ఉన్న కుర్రాడికి సంబంధం చూస్తున్నవాళ్లు, కార్డు రాకముందే పెళ్లి రిజిస్టర్ చేయించుకోవడం గురించి అక్కడి లాయరును తప్పకుండా అడగండి. మాకు ఆ మాట చెప్పినవాళ్లు లేరు.

మీకూ ఒక విన్నపం. వీసా బులెటిన్ ప్రతి నెలా వస్తుంది. అందులోని ఎఫ్2ఏ తేదీని మీ పేపర్లో ఏదో ఒక మూల వేయండి, రెండు లైన్లు చాలు. మా అమ్మకు ఇంగ్లిష్ రాదు. తేదీ కదిలిందా అని నన్ను అడగడానికి మొహమాటపడి, రోజూ మీ పేపర్లోనే వెతుక్కుంటోంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
తెనాలి