హడ్సన్ మీద సొంత విమానం: 'అనుమతి అక్కర్లేదు' అన్నది సగం మాటే

సంపాదకుడు గారికి,

న్యూయార్క్ ఆకాశహర్మ్యాల పక్కగా చిన్న విమానంలో విహారం గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసంలో 'కంట్రోల్ టవర్ అనుమతి కూడా అక్కర్లేదు' అని రాశారు. తప్పని అనలేం గానీ అది సగమే. న్యూజెర్సీలో లైసెన్స్ తీసుకున్న మన పిల్లలు, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను ఎక్కించుకుని ఈ దారినే వెళ్లాలనుకుంటారు. మిగతా సగం కూడా అచ్చులో ఉండటం మంచిది.

కెన్నెడీ, లాగ్వార్డియా, న్యూవార్క్ విమానాశ్రయాల వల్ల న్యూయార్క్ మీది ఆకాశమంతా 'క్లాస్ బి' అనే నియంత్రిత ప్రాంతం. కంట్రోలర్ క్లియరెన్స్ లేనిదే అందులోకి వెళ్లకూడదు. హడ్సన్ నది వెంట మాత్రం 1,300 అడుగుల లోపు ఒక సన్నని దారి వదిలారు. అక్కడ విమానాల మధ్య దూరం చూసే కంట్రోలర్ ఉండడు. పైలట్లే 123.05 రేడియో ఫ్రీక్వెన్సీలో ఎక్కడున్నారో చెప్పుకుంటూ, ఒకరినొకరు కళ్లతో వెతుక్కుంటూ పోవాలి. మన దేశంలో ఫ్లైట్ ప్లాన్ వేసి, ఏడీసీ (వాయు రక్షణ అనుమతి), ఎఫ్ఐసీ (విమాన సమాచార కేంద్రం) నంబర్లు తీసుకోవడానికి అలవాటుపడినవాళ్లకు ఈ స్వేచ్ఛ మొదట వింతగానే ఉంటుంది.

2009 ఆగస్టు 8న ఇక్కడే ఒక పైపర్ విమానం, విహార హెలికాప్టర్ ఢీకొని తొమ్మిది మంది చనిపోయారు. పైపర్ పైలట్ తాను మారాల్సిన రేడియో ఫ్రీక్వెన్సీని తప్పుగా తిరిగి చెప్పాడు. ఆ సమయంలో సొంత ఫోన్ మాటల్లో ఉన్న, అతను బయల్దేరిన విమానాశ్రయ కంట్రోలర్ దాన్ని పట్టుకోలేదు. హెలికాప్టర్ కింద నుంచి ఎక్కుతూ వస్తోంది. రెక్కలు కిందకు ఉండే విమానంలో సరిగ్గా ఆ భాగమే పైలట్‌కు కనబడదు. అదే ఏడాది నవంబర్ నుంచి ఈ దారికి ప్రత్యేక నిబంధనలు వచ్చాయి.

మలుపులు లేకుండా దాటిపోయేవాళ్లు 1,000 నుంచి 1,300 అడుగుల లోపు ఎగరాలి. వెయ్యి అడుగుల కింద హెలికాప్టర్లు తిరుగుతాయి. లిబర్టీ విగ్రహం చుట్టూ చక్కర్లు కొట్టాలంటే ఆ రద్దీలోకి దిగాల్సిందే, కాబట్టి మొదటిసారి వెళ్లేవాళ్లు ఆ ఆశ వదులుకోవడం మేలు. వేగం 140 నాట్స్ మించకూడదు. దక్షిణానికి పోయేవాళ్లు న్యూజెర్సీ ఒడ్డు, ఉత్తరానికి పోయేవాళ్లు మాన్‌హాటన్ ఒడ్డు పట్టుకోవాలి. మన రోడ్ల మాదిరి ఎడమ కాదు, కుడి. ఉత్తరానికి వెళ్లేటప్పుడు నగరం కుడిపక్క కూర్చున్నవాళ్లకు దగ్గరగా కనబడుతుంది. అమ్మను అటు కూర్చోబెట్టండి.

ఆల్పైన్ టవర్, జార్జ్ వాషింగ్టన్ వంతెన (జీడబ్ల్యూబీ), ఇంట్రెపిడ్ నౌక, కోల్గేట్ గడియారం, లిబర్టీ విగ్రహం, వెరజానో వంతెన. వీటి దగ్గర విమానం రకం, చోటు, దిశ, ఎత్తు చెప్పి తీరాలి: 'హడ్సన్ ట్రాఫిక్, వైట్ సెస్నా, జీడబ్ల్యూబీ, సౌత్‌బౌండ్, వన్ థౌజండ్ టూ హండ్రెడ్.' తోక మీది నంబర్ ఎదుటివాడికి కనబడదు, రంగు కనబడుతుంది.

ఎక్కువగా పొరపాటు జరిగేది ఎత్తు చూపే ఆల్టిమీటర్ దగ్గర. దానిలో గాలి పీడనం అంగుళంలో పదో వంతు తప్పుగా పెడితే ఎత్తు దాదాపు 100 అడుగులు తేడా వస్తుంది. 1,200లో ఉన్నామనుకుంటూనే 1,300కు, అంటే క్లాస్ బిలోకి చేరిపోతారు. దగ్గరి విమానాశ్రయం ఏటిస్ (రేడియోలో వచ్చే రికార్డు చేసిన వాతావరణ సమాచారం) విని దాన్ని సరిచేసుకోవడం, చెరోకీ లాంటి విమానాల్లో ఇంధన ట్యాంక్ మార్చుకోవడం, లైట్లన్నీ వేసుకోవడం ఆల్పైన్ రాకముందే అయిపోవాలి. న్యూయార్క్ టెర్మినల్ ఏరియా చార్ట్ (ఈ ఆకాశానికి పైలట్ల పటం) విమానంలో ఉండటం తప్పనిసరి. వీడియో పని ప్రయాణికులది, పైలట్‌ది కాదు.

యాంకీ బేస్‌బాల్ స్టేడియంలో ఆట ఉంటే గంట ముందు నుంచి ముగిసిన గంట వరకు మూడు నాటికల్ మైళ్ల నిషేధం ఉంటుంది. నది ఆ వలయంలోనే ఉంది. సెప్టెంబర్‌లో ఐక్యరాజ్యసమితి సమావేశాలప్పుడు ఆంక్షలు ఇంకా ఎక్కువ. బయల్దేరే ముందు నోటామ్‌లు (పైలట్లకు ఇచ్చే అధికారిక హెచ్చరికలు) చూడాలి.

ఈస్ట్ రివర్ సంగతి వేరు. 2006 అక్టోబర్‌లో బేస్‌బాల్ ఆటగాడు కోరీ లైడిల్ విమానం అక్కడ వెనక్కి తిరగబోయి, తూర్పుగాలి పక్కకు నెట్టడంతో అపార్ట్‌మెంట్ భవనాన్ని గుద్దింది. ఆ తర్వాత సాధారణ విమానాలు కంట్రోలర్ అనుమతి లేకుండా అటు వెళ్లకుండా కట్టడి చేశారు.

1,200 అడుగుల్లో ఇంజిన్ ఆగితే సెస్నా 172 గాల్లో ఉండేది నిమిషంన్నరే. దిగాల్సింది నీళ్లలోనే. నిబంధన అడగకపోయినా లైఫ్ జాకెట్ ఒంటి మీదే ఉండాలి. సీటు కింద ఉన్నది ఆ నిమిషంన్నరలో చేతికి రాదు. నీళ్లు తాకకముందే తలుపు గడియ తీసి ఉంచాలి.

ఇవన్నీ బరువనిపిస్తే స్కైలైన్ రూట్ ఉంది: 1,300 నుంచి 2,000 అడుగుల మధ్య, కంట్రోలర్ క్లియరెన్స్‌తో. రద్దీగా ఉంటే ఇవ్వకపోవచ్చు గానీ, ఇస్తే మరో జత కళ్లు రాడార్ మీద ఉంటాయి. కొత్తవాళ్లకు మా సలహా అదే. కింది దారి కోసం అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ ఉచితంగా పెట్టిన ఆన్‌లైన్ కోర్సు ఉంది, అది చేసి, ఒకసారి ఇన్‌స్ట్రక్టర్‌తో తిరిగాకే సొంతంగా వెళ్లాలి.

మీ వ్యాసంలో 'స్నేహితులు ఖర్చులు పెట్టుకుంటే పైలట్‌కు ఉచితం' అన్న మాట మాత్రం పూర్తిగా తప్పు. ప్రైవేట్ లైసెన్స్ ఉన్నవాళ్లు ఇంధనం, ఆయిల్, విమానాశ్రయ రుసుములు, అద్దె మాత్రమే పంచుకోవచ్చు. పైలట్‌తో కలిపి నలుగురు ఎక్కితే అతను కనీసం నాలుగో వంతు తన జేబులోంచే పెట్టాలి. లేకపోతే లైసెన్స్ పోయే ప్రమాదం ఉంది. దీన్ని సవరిస్తూ ఒక వాక్యం వేయగలరు.

ఇట్లు,
ఫ్లైట్ ఇన్‌స్ట్రక్టర్లు, న్యూజెర్సీ