పౌర్ణమి రోజుల్లో కొట్టు ఎందుకు మూస్తున్నానంటే

మా పచ్చళ్లను ఏళ్ల తరబడి ఆదరిస్తున్న మీ అందరికీ నమస్కారం. ఈ వేసవి నుంచి మంగళగిరిలోని మా కొట్టు ప్రతి పౌర్ణమికీ నాలుగు రోజుల పాటు, కార్తీకమాసమంతా మూసి ఉంటుంది. నిరుడు 300 కిలోలు పెట్టిన ఆవకాయను ఈ ఏడు 120 కిలోలకు తగ్గిస్తున్నాను. పెళ్లిళ్లకు ఆర్డర్లు తీసుకోవడం పూర్తిగా మానేశాను. ఒంట్లో బాగాలేదనో, ఈసారి కాయ సరిగా దొరకలేదనో చెబితే మీరెవరూ కాదనరు గానీ, అవి అబద్ధాలు కనుక ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

నేను మొదటినుంచీ భక్తురాలిని కాను. ఇరవై రెండేళ్లుగా తెల్లవారుజామున లేస్తున్నది పూజకు కాదు, ఆవాలు జల్లించుకోవడానికి. మూడేళ్ల కిందట, నాకు యాభై ఆరేళ్లప్పుడు, పౌర్ణమికి అరుణాచలం వెళ్లే ఒక బస్సు వారికి పులిహోర, పెరుగన్నం, పచ్చళ్లు సమకూర్చే పని ఒప్పుకున్నాను. తీరా బయలుదేరే రోజున మా వంటమనిషికి జ్వరం రావడంతో, బయానా తీసుకున్న పాపానికి నేనే బస్సెక్కవలసి వచ్చింది.

వచ్చినదాన్ని ఎలాగూ వచ్చాను కదా అని వారితోపాటు గిరిప్రదక్షిణకు కదిలాను. కొండ చుట్టూ 14 కిలోమీటర్లు, అదీ చెప్పులు లేకుండా. ఎనిమిది దిక్కుల్లో ఉండే ఎనిమిది లింగాల్లో నాలుగోదైన నైరుతి లింగం దాటేసరికి మడమలు మొరాయించాయి. దారిపక్కన ఒక అన్నదాన సత్రం అరుగు మీద కూలబడ్డాను. లోపల గుమ్మడికాయలు గుట్టగా పోసి ఉన్నాయి, తరుగుతున్నవారు ముగ్గురే. వారికి తెలుగు రాదు, నాకు తమిళం రాదు. ఎవరూ పిలవకుండానే వెళ్లి కత్తిపీట ముందు కూర్చున్నాను. నువ్వెవరి భార్యవు, మీరేమిట్లు, కిలో ఎంతకిస్తావు అనే మూడు ప్రశ్నలూ వినకుండా నేను ఒక వంటింట్లో మూడు గంటలు గడిపింది నా జీవితంలో అదే మొదటిసారి. తెల్లవారుతుండగా ఒక పెద్దావిడ నా చేతిలో కాఫీ గ్లాసు పెట్టి "అమ్మా" అంది. ఆ మాట రెండు భాషల్లోనూ ఒకటే. మా బస్సు నా కోసం అరగంట ఆగింది, అందుకు వారు నన్ను తిట్టారు కూడా.

ఆ తరువాతి పౌర్ణమికి టికెట్ నేనే కొనుక్కుని వెళ్లాను. అప్పటినుంచి ఒక్కటీ వదలలేదు. అరుణాచలంలోనే జీవితమంతా గడిపిన రమణ మహర్షి గురించి చదవడం కూడా ఆ వంటిల్లు పట్టించిన దారే. 1896లో, పదహారేళ్ల వయసులో, ఆయన మదురైలో ఇల్లు విడిచినప్పుడు అన్నగారి కాలేజీ ఫీజు కోసం ఇచ్చిన 5 రూపాయల్లో ప్రయాణానికి కావలసిన 3 మాత్రమే తీసుకుని, మిగిలిన రెండూ చీటీతో సహా అక్కడే పెట్టి వెళ్లారట. వ్యాపారం చేసేదాన్ని కనుక వైరాగ్యం కన్నా ముందు ఆ లెక్క నాకు నచ్చింది. ఆశ్రమం ఏర్పడ్డాక కూడా ఆయన చాలా ఏళ్లు చీకటితోనే వంటింట్లోకి వచ్చి కూరలు తరిగేవారని, పచ్చడి రుబ్బేవారని, పంక్తిలో తనకు ఒక ముద్ద ఎక్కువ వడ్డించినా ఒప్పుకునేవారు కాదని చదివినప్పుడు, నా పనికీ ఆ కొండకీ ఉన్న దూరం ఒక్కసారిగా తగ్గిపోయింది. మనకు దగ్గరే ఉన్న కొలనుకొండలో 1902లో పుట్టి, చిన్ననాడే భర్తను పోగొట్టుకున్న సూరి నాగమ్మగారు అక్కడికి చేరింది 1941లో, అంటే దాదాపు నలభయ్యో ఏట. 1945 నుంచి ఆమె తన అన్నగారికి తెలుగులో రాసిన ఉత్తరాల వల్లనే ఆశ్రమంలోని రోజువారీ ముచ్చట్లు ఎన్నో మనకు దక్కాయి. ఆమెతో పోల్చుకునే సాహసం చేయను గానీ, ఆలస్యమైందన్న బెంగ మాత్రం ఆ ఉత్తరాలు చదివాక నాకు లేదు.

ఇక మీకు చెప్పవలసిన అసలు సంగతి. నిరుడు వైశాఖ పౌర్ణమికి నేను వెళ్లేనాటికి 40 కిలోల ఆవకాయ కలిపి రెండు రోజులే అయింది. మూడోనాడు తిరగకలిపి, ఊట చూసి, నూనె చాలకపోతే పోయవలసినది నేను. ఆ పని కొత్తగా చేరిన అమ్మాయికి ఫోనులో చెప్పి వెళ్లాను. ఆమె చెప్పినట్టే చేసింది, చెప్పడంలోనే లోపముంది. ముక్క మునిగేటంత నూనె లేక జూలై నాటికి ఆ సరుకులో బూజు కనిపించింది. మీలో పదకొండు మంది ఫోటోలు పంపారు. "తడి గరిటె పెట్టి ఉంటారు" అని నేను అందరికీ ఒకే జవాబిచ్చాను. ఆ జవాబు టైపు చేసింది కూడా సత్రం అరుగు మీద కూర్చునే. అది తప్పని నాకు అప్పుడే తెలుసు.

అందుకే పరిమాణం తగ్గించాను. నా చేత్తో కలిపి, నేనే తిరగకలపగలిగినంతే ఇక మీదట పెడతాను. గోంగూర, కందిపొడి, కరివేపాకు పొడి మా అమ్మాయిలు చూసుకుంటారు, నేను లేని రోజుల్లో కూడా అవి తయారవుతాయి, పార్సిళ్లు మాత్రం కొట్టు తెరిచాకే బయలుదేరతాయి. సీసా మీద కొండ బొమ్మ వేసి అరుణాచలం పేరు పెడితే అమెరికా ఆర్డర్లు పెరుగుతాయని ఒకరిద్దరు శ్రేయోభిలాషులు సలహా ఇచ్చారు. ఆ పని చేయను, ధర కూడా పెంచడం లేదు.

తడి గరిటె జవాబు అందుకున్న పదకొండు మందికీ ఈ ఏటి కొత్త ఆవకాయ కిలో చొప్పున, రవాణా ఖర్చుతో సహా, నేనే పంపుతాను. పాత సీసా తిప్పి పంపనక్కరలేదు. చిరునామా మారినవారు మాత్రం వచ్చే పౌర్ణమిలోగా తెలియజేయండి, ఆ తరువాత నాలుగు రోజులు నా ఫోను మోగదు.