'ఎలుకల్లో తగ్గింది' అంటే ఏ ఎలుకల్లో?

సంపాదకులకు నమస్కారం.

అరుదైన జన్యువ్యాధి ఎలుకల్లో తగ్గిందన్న వార్త రాగానే, ఆ జబ్బున్న బిడ్డల తల్లిదండ్రులు మందు ఎప్పుడొస్తుందని అడుగుతారు. దయచేసి ఆ ఎలుక ఏ రకందో కూడా రాయండి.

మెదడు ఎదుగుదలను దెబ్బతీసే అరుదైన జన్యువ్యాధి ఏంజెల్‌మన్ సిండ్రోమ్‌నే చూడండి. నాడీకణాల్లో యూబీఈ3ఏ అనే జన్యువుకు తల్లి నుంచి వచ్చిన ప్రతి (కాపీ) మాత్రమే పనిచేస్తుంది. తండ్రి నుంచి వచ్చిన ప్రతిని ఒక యాంటీసెన్స్ ఆర్‌ఎన్‌ఏ (జన్యువుకు ఎదురు దిశలో తయారయ్యే ఆర్‌ఎన్‌ఏ పోగు) అణిచిపెడుతుంది. తల్లి ప్రతి లోపిస్తే బిడ్డకు మాటలు సరిగా రావు, నడక తూలుతుంది, మూర్ఛలు వస్తాయి. ఆ ఆర్‌ఎన్‌ఏను తెగ్గొట్టి తండ్రి ప్రతిని మేల్కొలిపే మందు దాదాపు 20 జన్యు అక్షరాల ముక్క. 2015లో అలాంటి ముక్క ఎలుకల్లో కొంత ఫలితమిచ్చింది. కానీ అది ఎలుక అక్షరాలకు కుదిరింది. మనిషి కోసం చేసిన ముక్క మామూలు ఎలుకలో అతుక్కోవడానికి సరైన చోటే ఉండదు. అందుకే ఆ భాగంలో మనిషి జన్యువరుస పెట్టిన 'మానవీకరించిన' ఎలుక కావాలి.

పెంపకంలోనూ పొరపాట్లు జరుగుతాయి. జన్యులోపం ఆడ ఎలుక నుంచే పిల్లలకు రావాలి. మగదాని నుంచి వస్తే ఈ జబ్బు రాదు. పోలికకు అదే ఈతలోని ఆరోగ్యమైన పిల్లలను తీసుకోవాలి. జబ్బు ఎలుకలు బరువెక్కుతాయి కూడా. నడక పట్టు చూసే పరీక్షలో తిరిగే కడ్డీ మీంచి త్వరగా పడిపోతే కారణం మెదడా, బరువా అన్నది తేల్చుకోవాలి.

అన్నిటికన్నా వయసు ముఖ్యం. జన్యువును ఆలస్యంగా మేల్కొలిపిన ఎలుకల్లో మూర్ఛలు తగ్గలేదు. మందు ఏ వయసులో ఇచ్చారో కూడా వార్తలో ఉండాలి.

– జన్యు పరిశోధకులు కొందరు